రిగ్రెట్‌కీ అపాలజీకీ మధ్య

అప్పట్లో రోజుకు నాలుగు బ్యాచీలు చెప్పేవాణ్ణి. చిత్తూరులో ఒక బియ్యం మండీ మీది మిద్దెలో నడిచే ట్యుటోరియల్ కాలేజీ అది. పరీక్ష తప్పిన పిల్లలకు ఇంగ్లీషు ఎక్కించడం నా పని. వాళ్లకు ఎక్కింది తక్కువ, నాకు అరిగింది ఎక్కువ. మధ్యాహ్నానికే గొంతు పోయేది. ఇంటికెళ్లి అన్నం కలుపుకుంటే సాంబారు కూడా సుద్దముక్క వాసనే కొట్టేది.

ఒకే అర్థం ఉన్నట్టు కనిపించే రెండేసి ఇంగ్లీషు మాటలు బోర్డు మీద రాసి తేడా విడమరచడం, ఆ ఉద్యోగంలో నాకు మిగిలిన ఒకే ఒక గర్వం. ఆ రోజు రాసినవి రిగ్రెట్, అపాలజీ. "వానొచ్చి నీ పెండ్లి పందిరి కూలిందనుకో. నేను రిగ్రెట్ అవుతాను, అంటే బాధపడతాను. అపాలజీ మాత్రం చెప్పను. చెప్పినానంటే ఆ వాన నేనే కురిపించినానని ఒప్పుకున్నట్టు" అన్నాను. వెనక బెంచీ వాళ్లు ఆవులించారు. నాకూ ఆవులింత వచ్చింది.

ఆ సాయంత్రమే మా పక్క వాటాలో ఉండే బస్సు డ్రైవరు ట్యుటోరియల్‌కి వచ్చాడు. పాకాలకు తిరిగే ఒక ప్రైవేటు కంపెనీ బస్సు నడిపేవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. చదువు చెప్పేవాణ్ణని నన్ను అయివారా అనేవాడు. వారం కిందట రోడ్డుకు మేకల మంద అడ్డమొస్తే బ్రేకు పట్టలేదు. బస్సును చెనిక్కాయల చేనులోకి దించేశాడు. మేకలు బతికాయి, జనం బతికారు, ఒక ముసలమ్మకు మాత్రం చెయ్యి విరిగింది. బ్రేకు బాగాలేదని అంతకుముందే రెండుసార్లు షెడ్డులో చెప్పాడట. ఇప్పుడు కంపెనీవాళ్లు, నిన్ను పనిలోంచి ఎందుకు తీసెయ్యకూడదో రాసివ్వమని ఇంగ్లీషులో మెమో ఇచ్చారు. దానికి జవాబు నేను రాయాలి.

బ్రేకు సంగతి ఒక పేరా, మేకల సంగతి ఒక పేరా రాసి, తెలుగులో చెప్పి వినిపించాను. అతనికి తృప్తి కలగలేదు.

"ఇంతేనా? తప్పైపోయిందని రాయలేదే?"

"నీ తప్పు యాడుండాది అన్నా? జరిగినదానికి బాధపడతా ఉండానని పెడతా, సాలదా?"

"సాలదు. ఎవురికన్నా కాలు తగిలితేనే కండ్లకద్దుకుంటామే! పంచాయితీలో గూడా ముందు తప్పైపోయిందని దండం పెట్టినోడి మాటే పెద్దోళ్లు ఇంటారు. న్యాయం ఆ పైన మాట్లాడుకోవచ్చు. నోరు మంచిదైతే ఊరు మంచిది అయివారా. నువ్వు రాయి."

అతని ఊళ్లో అది నిజమే. అక్కడ తప్పైపోయిందంటే నేరం ఒప్పుకోవడం కాదు, మర్యాద. గుమ్మం ముందు చెప్పులు విడవడం లాంటిది. కానీ ఫైలు చూసే గుమాస్తాకు ఆ మర్యాద ఇంగ్లీషులో ఎట్లా కనబడుతుందో నాకు తెలుసు. పొద్దున్నే కదా చెప్పింది! మనిషి మొండివాడు కాడు. ఒక్క పావుగంట కూర్చోబెట్టి చెబితే వినేవాడు. ఆఖరి బ్యాచి పిల్లలు మెట్లెక్కుతున్నారు. నాకు ఓపిక లేదు. నేను చేసినదానికి అపాలజీ చెప్పుకుంటున్నానని కింద ఒక వాక్యం తగిలించి ఇచ్చేశాను. సంతోషంగా సంతకం పెట్టాడు.

విచారణలో పై రెండు పేరాల జోలికి ఎవరూ పోలేదట. ఆఖరి వాక్యం మటుకు గట్టిగా చదివి, ఈ సంతకం నీదేనా అని అడిగారట. ఇరవై ఏళ్లుగా పట్టిన స్టీరింగు ఆ నెలతో చేజారిపోయింది.

"అంత మర్యాదగా రాసినా యాల తీసేసినారు అయివారా?" అని నన్నే వచ్చి అడిగాడు.

"వాళ్లంతే అన్నా" అన్నాను.

కొన్నాళ్లకు అతనూ ఇంటివాళ్లూ వాటా ఖాళీ చేసి వెళ్లిపోయారు. నాకు పెద్ద బరువు దిగినట్టయింది. అందుకు సిగ్గుపడ్డాను కూడా. అయినా బరువు దిగిన మాట నిజం.

ఎనభైల్లో నాకు సర్కారు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఆ ఇంగ్లీషు పుణ్యమే. ఒక ఎండాకాలం పరీక్ష పేపర్లు దిద్దడానికి తిరుపతి వెళ్లి ఒక లాడ్జిలో దిగాను. పొద్దున్నే వేడినీళ్ల బకెట్టుతో తలుపు తట్టిన మనిషి అతనే. జుట్టు తెల్లబడింది.

"అయివారా! బాగుండావా?" అని నవ్వాడు. ఆ నవ్వులో ఏ మర్మమూ లేదు.

చెప్పేద్దామనుకున్నాను. "అన్నా, ఆ కాగితం... నాకు శానా బాధగా ఉండాది" అన్నాను.

"నువ్వేం జేస్తావు? నేను సెప్పిందే రాస్తివి. పాపం, నీకెందుకు బాధ?" అని బకెట్టు బాత్రూములో పెట్టి, చల్లారిపోతాయి, బిన్నా పోసుకోమని చెప్పి వెళ్లాడు.

బాధగా ఉందని చెప్పాను. తప్పు నాదని చెప్పలేదు. అన్నేళ్లుగా అంతమంది పిల్లలకు చెప్పిన తేడాను, నా దగ్గరికి వచ్చేసరికి ఎంత జాగ్రత్తగా వాడుకున్నాను!

అతని అడుగులు ఇంకా మెట్ల మీదే వినిపిస్తున్నాయి. పిలిస్తే పలుకుతాడు. నేను తువ్వాలు తీసుకుని స్నానానికి పోయాను.