పైన ఉన్న పేరు

మా అక్క కూతురు సుశీల విమానంలో ఎయిర్ హోస్టెస్. సెలవుకని నిన్న పామిడిలో మా ఇంటికి వచ్చింది. పెళ్లయితే ఉద్యోగం తీసేసే నిబంధన పోవాలని, పద్నాలుగు మంది ఆడపిల్లల సంతకాలతో కంపెనీకి అర్జీ ఇచ్చిందట.

గుంతకల్లు రైల్వే యూనియన్‌లో అరిగిపోయినవాణ్ణి నేను. మేం అర్జీ కింద సంతకాలు చక్రంలా గుండ్రంగా పెట్టేవాళ్లం, మొదటివాడెవడో పైవాళ్లకు తెలియకూడదని. ఒకసారి చోటు చాలక నడిమధ్య సంతకం పెట్టిన, ఇంజిన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఒక్కడే బదిలీ అయ్యాడు.

అందుకే ఈ రోజు పొద్దున భోజనం దగ్గర అడిగాను.

"సంతకాలు గుండ్రంగా పెట్టించినావా పాపా?"

"యాడ మామా! మీ మాదిరి దాక్కుంటామా? అందరికన్నా పైన నా పేరే పెద్దగా రాసినా."

చెయ్యి కడిగేలోపే కంపెనీ నుంచి టెలిగ్రాం వచ్చింది. సెలవు రద్దు, వెంటనే రావాలి, ఇచ్చిన యూనిఫాం చీరలన్నీ వెంట తేవాలి.

"పని ఎక్కువైనట్టుండాది మామా, రమ్మంటాండారు," అని నవ్వింది.

సాయంత్రం ఇస్త్రీ చేసి ఒక్కో చీరా పెట్టెలో సర్దుకుంది. డ్యూటీకి ఒక్క చీర చాలు కదా, అన్నీ ఎందుకు తెమ్మన్నారో నేను చెప్పలేదు. మీరైతే చెప్పేవాళ్లా?