సప్పిడోడి సారా

నా చేతి సారాకు అలవాటు పడిన నాలుకకు ఇంకొకరి సారా రుచించేది కాదు. ఆలూరు నుంచి రాజంపేట దాకా, నిషేధం ఉన్న ఆ రోజుల్లో, నా పేరు చెబితే తాగేవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. నన్ను పట్టుకోవడానికి వచ్చిన ప్రొహిబిషన్ జవాను ఒకడు సీసా మూత తీసి, వాసన చూసి, సాక్ష్యం మొత్తం అక్కడే తాగేసి, నాకే దండం పెట్టి వెళ్ళాడు.

సరే, జవాను సంగతి నేను కల్పించాను. మిగతాది వినండి.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మాట ఇది. నాకు ఇరవై మూడేళ్ళు. చదువు అబ్బలేదు, సేద్యం ఒంటబట్టలేదు. మా నాయన నన్ను భరించలేక మైదుకూరు దగ్గర పల్లెలో ఉన్న మా అక్క ఇంటికి తోలేశాడు. నడుముకొక ఎర్రంచు పంచె, సంచిలో ఇంకొక ఎర్రంచు పంచె. నేను తీసుకుపోయింది అంతే.

మా బావ ఒకప్పుడు చెనిక్కాయల బస్తాను ఒక్కడే బండికెత్తిన మనిషి. నేను వెళ్ళేసరికి కాళ్ళు వాచి, కళ్ళు పచ్చబడి, కడుపు బానలా ఉబ్బి మంచం మీద ఉన్నాడు. పెరట్లో అక్క సారా కోసం బెల్లం, తుమ్మచెక్క నానేసి ఊట పెడుతోంది. పాత బాన పగిలిందని గొణుక్కుంటోంది.

"కొత్త బాన దేనికక్కా? బావ కడుపుండాది కదా, దాంట్లోనే పులియబెట్టు" అన్నాను.

అక్క నవ్వలేదు. బావ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే నా మీదికి చెంబు విసిరాడు. నేను వంగాను. అది అక్క నుదుటికి తగిలింది. ఆమె చెంబు తీసి కడిగి మళ్ళీ ఆయన మంచం పక్కనే పెట్టింది.

మైదుకూరు వైద్యుడు చెప్పిన మాట ఆ ఇంట్లో అందరికీ తెలుసు. "కార్జం చెడిందమ్మా. ఒక్కతూరిగా మానలేడు. దినానికి గిద్దెడు దాటనీయొద్దు. దాటినాడా, ఉగాది చూడడు." బయటివాళ్ళు ఏ కుండలోది తెచ్చి పోస్తారోనని అక్కే సారా కాచి, జాడీకెత్తి, పొద్దుగూకే వేళ గిద్ద కొలిచి ఇచ్చేది. ఆ కాళ్ళతో బావ వాకిలి దాటలేడు. తాగితే ఆ జాడీలోదే తాగాలి. మా అక్క పసుపుకుంకాలు ఆ గిద్ద అంచు మీద ఉన్నాయి.

ఆ సారా ఎంత ఘోరంగా ఉండేదంటే, బావ ముక్కు మూసుకుని మింగేవాడు. మింగాక మొహం మెలికలు తిరిగేది, చెవులు కూడా కదిలేవి. ఆ మొహం చూడడానికి నేను రోజూ వేళకు వచ్చి అరుగు మీద కూర్చునేవాణ్ణి.

"ఏందే ఇది? మొగునికి పోసేదా, గొడ్డుకు పోసేదా?"

"గొడ్డయితే ఇన్ని మాటలనదు. తాగు."

"నీ చేతులిరగ! సారా కాసేది కూడా రాని ముండవు, నిన్ను యాడ దెచ్చినారే నాకు!"

"ఇంకో గిద్ద పొయ్యమంటావా?" అక్క నిదానంగా అడిగేది.

బావ జాడీ వైపు చూసి మొహం గోడకు తిప్పుకునేవాడు. నేను కడుపు పట్టుకుని నవ్వేవాణ్ణి.

ఆ నవ్వులన్నిటికీ బావ ఒక్కరోజే బదులు తీర్చుకున్నాడు. రాజంపేట నుంచి నాకు పిల్లనిద్దామని ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. మంచం పక్కన కూర్చున్నారు.

"ఏం చేస్తాడప్పా పిల్లోడు?" అని ఒకాయన అడిగాడు.

"వీడా?" బావ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "వీడు సప్పిడోడప్పా. ఉప్పెయ్యని సంగటి. మీ బిడ్డనిచ్చేటట్టుంటే ఎంబడి ఉప్పు గూడా మీరే పంపియ్యాల."

వాళ్ళు నవ్వారు. మజ్జిగ తాగి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. వారం తిరగకముందే వీధి వీధంతా నాకు అదే పేరు. నీళ్ళు మోసుకుపోయే ఆడవాళ్ళు కూడా "సప్పిడోడా, రోంత పక్కకు జరుగు" అనేవాళ్ళు. ఆ మాటను బావ నోటితోనే వెనక్కి తీయించాలని నాకు పంతం పట్టింది. ఆయన మెచ్చుకునేది లోకంలో ఒక్కటే ఉంది. అది మంచి సారా.

చెనిక్కాయ పెరికే రోజులు వచ్చాయి. అక్క తెల్లారకముందే చేనికి పోయి, నడుము పడిపోయి ఇల్లు చేరేది. కాచే పనీ కొలిచే పనీ నాకే అప్పగించింది.

సారాను బొగ్గుల్లో ఏడుసార్లు వడగట్టానని నేను చాలామందికి చెప్పాను. ఏడుసార్లూ లేదు, బొగ్గులూ లేవు. ఊట మాడితే సారాకు కమురు వాసన పడుతుంది కాబట్టి చెనిక్కాయ పొట్టుతో సన్నటి సెగ పెట్టాను. గుప్పెడు సోంపు, నాలుగు ఏలకులు, ఎండిన చీనీకాయ తొక్కలు వేశాను. దించాక జాడీ కడగబోతే అడుగున ఎర్రంచు గుడ్డలో కట్టిన మూట ఒకటి దొరికింది. పిండితే ఆకుపచ్చటి రసం కారింది. నాలుక కొసకు తాకించుకుంటే ప్రాణం జివ్వుమంది. నేలవేము. ఎందుకు వేశారో నాకేం తెలుసు? పెంట మీద పారేశాను. రహస్యం ఇంతే. రుచి సగం కంటే ఎక్కువ ఆ మూట తీసేయడం వల్లే వచ్చింది.

ఆ సాయంత్రం బావ అలవాటు కొద్దీ ముక్కు మూసుకుని మింగాడు. మొహం మెలిక తిరగలేదు. ముక్కు మీద నుంచి చెయ్యి తీసి నా వైపు చూశాడు.

"ఎవురు కాసినార్రా?"

"నేనే బావా."

"సప్పిడోడనుకుంటి గదరా నిన్ను! నీ చేతిలో రుచి ఉండాది రా!"

వీధిన పోయే వాళ్ళను పిలిచి మరీ చెప్పాడు. "ఇంకొక గిద్ద పొయ్యి" అన్నాడు. వైద్యుడి మాట నాకు గుర్తుంది. పోశాను. ఇంకోసారి పొగుడుతాడేమోనని పోశాను. పొగిడాడు. నాలుగో రోజుకు గిద్ద మూలన పడి చెంబు వచ్చింది. అక్క వచ్చే వేళకు ఆయన గోడవైపు తిరిగి నిద్ర నటించేవాడు. నేను గిద్ద కడిగి బోర్లించి ఉంచేవాణ్ణి. బావా బామ్మర్దులం అంత ప్రేమగా ఎప్పుడూ లేము.

పదో రోజు మిట్టమధ్యాహ్నం, చెంబు సగంలో ఉండగా, బావ మంచం మీది నుంచి వంగి నెత్తురు కక్కాడు. నేను తల పట్టుకున్నాను. మూతి తుడుచుకుని, "ఈతూరి సోంపు ఎక్కువేసినావురా" అన్నాడు. ఆయన నోటి నుంచి వచ్చిన చివరి మాట అదే. చేనికి కబురంపి అక్కను పిలిపించేసరికి ఒళ్ళు చల్లబడింది.

అక్క ఏడవలేదు. నేరుగా జాడీ దగ్గరికి పోయి, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగంతా దేవింది.

"మూట యాడ?"

"చెత్తనుకుని పారేసినా."

చిన్న దినం నాడు, పూడ్చిన చోట సంగటీ కూరా పెట్టాక, బంధువులందరి ఎదుటా అక్క గిద్ద నిండా సారా పోసి నా చేతికిచ్చింది. అందులో కొత్త నేలవేము పిండింది.

"తాగు. ఆయప్ప దినామూ తాగినాడు."

తాగాను. నా మొహం కూడా మెలికలు తిరిగే ఉంటుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సారా కాయడం రాక కాదు, రెండో గిద్ద గొంతు దిగకూడదని మా అక్క ఆ చేదు నానేసిందని నాకప్పుడు తెలిసింది. నేను నవ్విన ఆ చేదే బావ ప్రాణాన్ని ఒక్కో రోజు ముందుకు జరుపుతూ వచ్చింది.

ఇక ఒప్పుకుంటాను. రెండు జిల్లాల్లో నా పేరు ఎవరికీ తెలియదు. నా సారా తాగింది లోకంలో ఒక్కడే, పది రోజులే. నేను చంపింది కూడా ఆ ఒక్కణ్ణే. అదీ తెలియక చేశాను.

ఇంతవరకు రాసి, మొన్న అక్కకు చదివి వినిపించాను. ఆమెకు తొంభై దగ్గరపడ్డాయి. కళ్ళు పోయాయి, చెవులు మాత్రం నాకంటే బాగా పనిచేస్తున్నాయి. ఆకు వక్క దంచుకుంటూ విన్నది. జవాను దగ్గర నవ్వింది కూడా.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"తెలియక చేసినా అని రాసినావే, ఆ మూటగుడ్డ ఎవురిదిరా?"

నేను కాగితాలు మడిచాను.

"నీ ఎర్రంచు పంచె. నువ్వే చించిస్తివి. గుట్టకు పోయి నేలవేము పెరుక్కొస్తివి, నీ చేత్తోనే మూట కడితివి. దేనికక్కా అని అడిగితివి. మీ బావ రెండో గిద్ద అడక్కుండా అని చెప్పినా, విని నవ్వితివి." అక్క వక్క నోట్లో వేసుకుంది. "జవానును ఉండనీ. 'తెలియక' కొట్టెయ్."