మెరక మీద ట్రాక్టరు

అనకాపల్లిలో మేముంటున్న అద్దింటి సందు మలుపులో మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఒకటుంది. సాయంత్రం బడి నుంచి వస్తూ దాని ముందు నుంచి నడిచేటప్పుడు, పళ్ళెంలో డీజిలు పోసి నానబెట్టిన ఇనప సామాను వాసన, దాంతోపాటు మడ్డి నూనె, పాత రబ్బరు, తడిసిన మట్టి అన్నీ కలగలిసిన వాసన ముక్కుకి తగులుతుంది. నాతో నడిచే టీచరమ్మలు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం అడుగు నెమ్మదిస్తుంది. మునగపాక దగ్గర మా పల్లెలో, మా ఇంటి పెరట్లో, నా చిన్నతనమంతా పొద్దున్న లేవగానే పలకరించిన వాసన అదే.

ఆ పెరట్లో ఒక ఎర్ర ట్రాక్టరు ఉండేది. నాతవరం వైపు ఒక రైతు వాడి వాడి వదిలేసిన దాన్ని మా తాత తెచ్చాడట. నాకు తెలివి వచ్చేనాటికే దాని ఎరుపు వెలిసి పాత ఇటుక రంగులోకి దిగింది. సీటు మీద గోనెసంచి మడతపెట్టి కట్టేవాళ్ళు, పొగ గొట్టంలోకి వాన దిగకుండా ఖాళీ పాలడబ్బా బోర్లించేవాళ్ళు. దానికి సెల్ఫు ఎప్పుడో పోయింది. అందుకని పెరటి చివర మెరక మీద, ముందు చక్రాలు పల్లానికి పెట్టి, గేర్లో వేసి, పెద్ద చక్రాల కింద రెండు నల్లరాళ్ళు అడ్డంగా ఎగేసి నిలబెట్టేవాళ్ళు. పనికి తీసేటప్పుడు రాళ్ళు లాగేసి, పల్లంలోకి దొర్లనిచ్చి, ఆ ఊపులో ఇంజను అందుకునేలా చేసేవాళ్ళు. అది దగ్గి, వణికి, నల్లగా పొగ చిమ్మి బతికేసరికి ఊళ్ళో కోళ్ళన్నీ చెదిరిపోయేవి.

దాన్ని బతికించి ఉంచింది మా నూకరాజు మావ. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్ళమ్మ పురిట్లోనే పోతే, పదేళ్ళ పిల్లయిన మా అమ్మే ఆయన్ని చంకనేసుకుని పెంచిందట. పెళ్ళై వచ్చేటప్పుడు తనతో పాటే తెచ్చుకుంది. పట్నంలో ఒక షెడ్డులో పని నేర్చుకుని, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరిగేవాడు. ఆదివారం వచ్చిందంటే ట్రాక్టరు మూతలన్నీ ఊడదీసి, అమ్మ బియ్యం కడిగే గిన్నె చెప్పకుండా పట్టుకుపోయి, అందులో కిరసనాయిలు పోసి నట్లూ బోల్టులూ నానబెట్టేవాడు. అమ్మ తిట్టేది, ఆయన తలొంచుకుని నవ్వేవాడు. కొత్త సామాను దొరక్కపోతే పాత సైకిలు ట్యూబు కత్తిరించి, గోడ మీది కేలండరు అట్ట కత్తిరించి, ఏదో ఒకటి అమర్చేవాడు. పని అయ్యాక తవుడూ బూడిదా కలిపి చేతులు రుద్దుకునేవాడు గానీ గోళ్ళలో నలుపు ఎన్నడూ పోలేదు. గేరు కర్ర మీద నా చెయ్యి పెట్టించి, అది ఏ వైపూ పడకుండా నడిమజ్జన ఉంటే బండి ఎవరి మాటా వినదని, పక్కకి వేసి ఉంచితేనే పట్టుకుని ఉంటుందని నాకు ఆటలా నేర్పాడు.

పుష్యమాసం వచ్చేసరికి చెరకు నరుకుళ్ళు. ట్రాక్టరు తొట్టెలో చెరకు మోపుల మీద మేం పిల్లలం ఎక్కి కూర్చుంటే, నాన్న గొంతెత్తి పాడుతూ గానుగ దాకా తోలేవాడు. అక్కడ పెద్ద పెనంలో రసం మరిగి, నురుగు పొంగి, చుట్టూ మంచులో తియ్యటి ఆవిరి నిలబడేది. చెరకు ముక్క చివర పాకంలో ముంచి, ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ తినేవాళ్ళం. ఇంటికొస్తే చెరకు రసంతో వండిన పరమాన్నం. దసరాకి ట్రాక్టరుకి పసుపు రాసి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాక గానీ మాకు గారెలు పెట్టేవాళ్ళు కాదు. మావకి సబ్బవరం పిల్లని ఖాయం చేసింది కూడా ఒక దసరాకే.

ఆ మరుసటి ఆషాఢంలో మూడు రోజులు ముసురు పట్టింది. కాలవకి నీళ్ళొదిలారు, నారు ముదిరిపోతోంది, దమ్ము పట్టాలి. సరిగ్గా అప్పుడే గేరుపెట్టె కింద బోల్టు దగ్గర నూనె కారడం మొదలైంది. మావ తడి నేల మీద గోనె పరుచుకుని, తలా చేతులూ బండి కిందికి పెట్టి, నడుమూ కాళ్ళూ పెద్ద చక్రం ముందుకి చాపి పడుకుని బోల్టు బిగిస్తున్నాడు. నేను అరుగు మీద కూర్చుని కాల్చిన పనసగింజలు ఒలుచుకుంటున్నాను. నాన్న తొందరలో ఉన్నాడు. సీటెక్కి గేరు సరిగా పడుతోందో లేదోనని కర్ర ఇటూ అటూ కదిపి చూశాడు. ఇంతలో రోడ్డు మీద నుంచి ఎవరో, నీళ్ళ వంతు మీదేనని కేకేశారు. నాన్న కర్ర వదిలేసి దిగి వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. కర్ర నడిమజ్జన ఉంది. అది నాకు కనపడింది, దానర్థం కూడా తెలుసు. నోట్లో గింజ నములుతున్నాను. అది మింగి చెబుదామనుకున్నాను.

నానిన మట్టిలో రాయి జారింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. మావ "బావా" అని ఒక్కసారి పిలిచాడు, అంతే. ఊరి మగాళ్ళందరూ వచ్చి చక్రం ఎత్తేసరికి నాన్న అరచేతులు రెండూ చీరుకుపోయి ఉన్నాయి.

విశాఖ పెద్దాసుపత్రిలో నడుం కింద ఇక కదలదని చెప్పిన రోజున, అమ్మ మంచం పక్క కూలబడి, బండి గేర్లో ఎందుకు లేదని అడిగింది. ఎవరినని కాదు, గాలినడిగినట్టు అడిగింది. నాన్న కాళ్ళ వైపు నిలబడి తువ్వాలు మెలిపెడుతున్నాడు. ఆయన పెదాలు కదలడం నేను చూశాను. ఈలోగా మావే అక్కకేసి చూస్తూ అందుకున్నాడు.

"నానే తీసేనప్పా. బోల్టు తిరగడం నేదని గేరు నానే తీసేసి కిందికి దూరేను. బావకి తెల్దు."

నాన్న పెదాలు మళ్ళీ మూసుకుపోయాయి.

ఇంటికి తెచ్చాక మావని ట్రాక్టరు పక్క పాకలో నులక మంచం మీద పడుకోబెట్టారు. అక్కడే కావాలని ఆయనే అడిగాడు. సబ్బవరం వాళ్ళు వచ్చి, టీ తాగి, దుప్పటి కింద కదలని కాళ్ళని చూసి, వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం మజ్జిగ ఇవ్వడానికి వెళితే మావ నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఒలే బుల్లీ, ఆ రోజు నువ్వు అరుగు మీదున్నావు గదా. సూసేవు గదా."

తలూపాను. ఏడుపొచ్చింది.

"ఏడవకు. మీ అమ్మకి నానొక్కణ్ణే తమ్ముణ్ణి, మీ నాన ఒక్కడే మొగుడు. నానెలాగూ ఇలాగయిపోనాను. నువ్వు నోరిప్పితే ఆ రెండో మనిషీ మీ అమ్మకి ఉండడు. తెలిసిందా?"

నాకు పదేళ్ళు. తెలిసిందన్నాను.

ట్రాక్టరు లేకపోతే మాకు సేద్యం లేదు. నాన్న తోలేవాడు గానీ దాని మీద పానా పెట్టడానికి చేతులు వచ్చేవి కావు. చివరికి అమ్మే దిగింది. నాట్లకి ఎగదోపుకున్నట్టు చీర ఎగదోపి, బండి కింద దూరింది. మావ మంచం మీద నుంచి ఏ బోల్టు ఎటు తిప్పాలో చెప్పేవాడు. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు అమ్మని మెకానిక్కమ్మ అని నవ్వుకున్నారు. మొదట్లో వేళ్ళు చితికాయి, కళ్ళలో డీజిలు పడింది. ఒకసారి ఇంజను ఆగి ఆగి పోతుంటే, డీజిలు గొట్టంలో గాలి చేరిందని, మర వదులు చేసి బొటనవేలితో పంపు నొక్కాలని మావ చెప్పాడు. ఎప్పటిదాకా నొక్కాలో అమ్మకి అర్థం కాలేదు.

"పాకం సూసినట్టు సూడప్పా. బుడగలాగిపోయి సన్నటి ధార వచ్చీసరికి బిగించీ."

అమ్మ ఫక్కున నవ్వింది. మావ మంచం మీదున్న ఆరేళ్ళలో ఆవిడ నవ్వగా విన్నది నాకు అదొక్కటే గుర్తు.

మావ వీపు మీదా పిరుదుల మీదా పుళ్ళు పడ్డాయి. పాకలో కిరసనాయిలు వాసన కింద ఇంకో వాసన ఉండేది, దాని గురించి ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. రోజూ తెల్లారగట్ల నాన్నే వేపాకు నీళ్ళు కాచి, మావని రెండు చేతుల మీద ఎత్తి, ఒళ్ళు తుడిచి, పుళ్ళు కడిగి, పక్క మార్చేవాడు. అమ్మని కూడా ఆ పని ముట్టుకోనిచ్చేవాడు కాదు. బావమరిదిని ఇలా చూసుకున్నవాణ్ణి చూడలేదని ఊరంతా మెచ్చుకునేది. ఎవరైనా ఎదురుగా అంటే నాన్న లేచి వెళ్ళిపోయేవాడు. పాటలు మానేశాడు. బండెక్కే ముందు నాలుగు చక్రాల కిందా వంగి చూసేవాడు, చుట్టుపక్కల మనిషన్నవాడు లేకపోయినా. దసరాకి నిమ్మకాయలు తొక్కించడానికి పొరుగువాళ్ళని పిలవాల్సి వచ్చేది.

ఆరో ఏడు కార్తీకంలో మావకి జ్వరం పట్టుకుని వదల్లేదు. స్పృహలో ఉన్న చివరి రోజు అమ్మతో, ఇంజనుకి ఆయిలు మార్చే టైమయిందని, మర్చిపోవద్దని చెప్పాడు. పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ ఒక్కతే బండి కింద దూరి ఆయిలు మార్చింది. నల్లటి పాత ఆయిలు బకెట్లోకి దిగుతుంటే తమ్ముణ్ణి తిడుతోంది. గేరెందుకు తీసేవురా, అంత తొందరేటొచ్చిందిరా, అని. నాన్న గోడవతల నిలబడి విన్నాడు. నేను అరుగు మీద నుంచి ఇద్దర్నీ చూశాను.

నాకు పెళ్ళైంది, ఉద్యోగం వచ్చింది, పిల్లలు పుట్టారు. నాన్నకి పక్షవాతం వచ్చి కుడి పక్కా, మాటా పడిపోయాయి. మూడు వారాలు మంచం మీదున్నాడు. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ ఆయన కాళ్ళు ఒత్తుతుంటే, ఎడం చెయ్యి గాల్లోకి ఎత్తి, పిడికిలి బిగించి, వెనక్కి లాగాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ లాగాడు. గొంతులో ఏదో గురగురలాడింది. కళ్ళు అమ్మ మీదే ఉన్నాయి.

"ఏటంటన్నాడే?" అమ్మ నన్నడిగింది.

నాకు అర్థమైంది. ఇన్నేళ్ళ తరువాత ఆ మనిషి చెప్పేద్దామనుకుంటున్నాడు, ఆ చెయ్యి గేరు కర్ర లాగుతోందని చూడగానే తెలిసింది.

"నీళ్ళు కావాలంటన్నాడమ్మా" అన్నాను.

చెంచాతో నీళ్ళు పోశాను. నాన్న నా వైపు చూస్తూ మింగాడు. సగం నీళ్ళు చెంప మీద నుంచి కారిపోయాయి. ఆ చెయ్యి మరి లేవలేదు. రెండో రోజు పోయాడు. ఆయన కోసమని అబద్ధమాడానో, అమ్మ కోసమో, మావకి ఇచ్చిన మాట కోసమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ట్రాక్టరుని పాత ఇనుము వాళ్ళు గ్యాసుతో ముక్కలుగా కోసి వ్యానులో వేసుకుపోయారు. మెరకని చదును చేసేశారు. మా చెరకు చేను ఇప్పుడు తెల్లరంగు రాళ్ళు పాతిన ప్లాట్లు. గానుగ పాక కప్పు కూలిపోయి మొండి స్తంభాలు నిలబడ్డాయి. ఊళ్ళో ఉన్న నాలుగు ట్రాక్టర్లూ తాళం తిప్పితే కదులుతాయి, ఆగిపోతే కంపెనీ మెకానిక్కుకి ఫోను చేస్తారు. ఆదివారం పెరట్లో బండి విప్పి కూర్చునే మనుషులు లేరు.

అమ్మ నా దగ్గరే ఉంటోంది. చదువు రాదు. నిన్న నేను ఈ కాగితాల మీద వంగి ఉంటే వచ్చి పక్కన కూర్చుని, ఏం రాస్తున్నావని అడిగింది. మావ గురించని చెప్పాను. చాలాసేపు కాగితం మీది అక్షరాలని చూసింది.

"ఆడి తొందరపాటు ఊసు మాత్రం రాయకే. పోయినోడు. ఆడి మీద తప్పు ఎందుకు."

రాయనమ్మా, అన్నాను.