నవ్వి పంపేసిన మాట

అక్క ఫోన్ చేసిన వారమే ఆ ఉత్తరం నా చేతికి వచ్చింది.

మా గుట్ట పట్టా అక్క పేరు మీద ఉంది. సగం అప్పటికే గ్రానైట్ క్వారీకి లీజులో ఉంది. మిగిలిన సగమూ ఇమ్మంటున్నాడు కాంట్రాక్టరు. "నువ్వు ఊ అంటే సంతకం పెడ్త తమ్మీ" అంది అక్క. ఊళ్లో మిగిలిన ఒక్క ఊట ఆ సగంలోనే ఉంది.

నేనప్పుడు కెనడాలో, గ్వెల్ఫ్‌లో చదువుతున్నాను. తోటివాళ్లు బ్రాంప్టన్ వేర్‌హౌసుల్లో పెట్టెలు మోస్తుంటే, నాకు లైబ్రరీ కింది అంతస్తులో పాత ఉత్తరాలు టైపు చేసే పార్ట్‌టైమ్ దొరికింది. రెండు వందల ఏళ్లకు పైనాటి స్కాట్లండ్ జమీందారు తన కొండలో సీసం తవ్వుకోవడానికి ఒక కంపెనీతో ఆడిన లీజు బేరం వాటిలో ఉంది. ఖనిజంలో ఆరో వంతు కావాలని ఆయన, ఎనిమిదో వంతే ఇస్తామని వాళ్లు. మధ్యలో ఎస్టేటు దివాను.

ఆ వారం నా చేతికి వచ్చింది దివాను జమీందారుకు రాసిన ఉత్తరం. కొండను తొలిస్తే లోపల కాపురముండే కనబడని జనం అలిగి ఊటను పట్టుకుపోతారని ఒక వితంతువు వచ్చి మొరపెట్టుకుందట. "నవ్వి పంపేశాను" అని రాసి, దివాను మళ్లీ ఆరో వంతు సంగతిలో పడ్డాడు.

ఆ మాట టైపు చేయలేకపోయాను. అది నేను చేసిన పనే.

మొదటి లీజప్పుడు ఊరి సభలో గొర్రెలు కాసే పెద్దమ్మ లేచి, "గుట్టల అమ్మ పండుకున్నది బిడ్డా. లేపితే నీళ్లు ఎత్తుకపోతది" అంది. కాలేజీ పోటీల్లో మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా వాదించి బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి, ఊరుకుంటానా? "అమ్మ లేస్తే చెప్పు పెద్దమ్మా, చాయ్ పెడ్త" అన్నాను మైకులో. సభంతా నవ్వింది. ఆమె కూర్చుంది. పేలుళ్లకు లోపలి రాయి పగిలి, ఏడాది తిరగకుండా లీజుకిచ్చిన సగంలోని ఊట ఎండిపోయింది.

అమ్మవారు లేదని ఇప్పటికీ అంటాను. కానీ పెద్దమ్మ మాటలోంచి అమ్మవారిని తీసేస్తే నీళ్లు మిగులుతాయి. హేతువాదినని చెప్పుకున్న నేను అక్కడిదాకా వినలేదు.

వితంతువుకు జవాబు దొరుకుతుందేమోనని ఆ ఉత్తరాల పెట్టెలన్నీ వెతికాను. లీజు పత్రంలో కొండ నీళ్లను మళ్లించుకునే హక్కు కంపెనీకి రాసిచ్చారు. ఆమె ఊసు లేదు. ఆ తర్వాత ఆ గదిలో ఎవరో నా వెనక నిలబడి జవాబు కోసం చూస్తున్నట్టే ఉండేది. దయ్యాలను నమ్మను. అయినా కుర్చీ గోడకు ఆనించి కూర్చునేవాణ్ణి.

చివరికి అక్కకు ఫోన్ చేసి పెద్దమ్మను పిలిపించాను.

"ఏం బిడ్డా, చాయ్ పెట్టినవా?" అంది ఆమె.

"తప్పు నాదే పెద్దమ్మా. నీళ్ల సంగతి అడగకుండ నవ్విన."

"నాకెందుకు చెప్తవ్? నవ్వినోళ్లకు చెప్పు."

ఆదివారం సభలో అక్క తన ఫోను మైకు ముందు పెట్టింది. ఆ మాటే మళ్లీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అక్క సంతకం పెట్టలేదు.

సోమవారం పనికి వెళ్లి, "నవ్వి పంపేశాను" అని టైపు చేశాను. కుర్చీని మాత్రం గోడ దగ్గర నుంచి జరపలేదు.