అమ్మమ్మ గూట్లోని పాటల కట్ట

మధ్యయుగాల నాటి పాటలున్న తాటాకు గ్రంథం ఒకటి మా లైబ్రరీకి సగమే చేరింది. అది ఎవరింటిదో తేల్చాలని కొత్తవలస నుంచి నెల్లిమర్ల దాకా పండితుల ఇళ్లన్నీ తిరిగాను. నాతో పనిచేసే మిత్రుడు మాత్రం అట్టచెక్క మీది పసుపు చూసి, దసరాకి తాటాకులకు పూజచేసే ఇళ్లు వెతికాడు.

మిగతా సగం వాడికి ఎక్కడ దొరకాలి? నరసన్నపేటలో, మా అమ్మమ్మ దేవుడి గూట్లో! ముత్తాతలు వాటాలేసుకున్నప్పుడు కట్టనూ చెరిసగం పంచుకున్నారట. ఏటా నేను కళ్లు మూసుకుని మొక్కిన కట్టే అది.

వాడు ఆకులు తిప్పుతుంటే నాకు కడుపు మండిపోయింది.

"నాకెప్పుడూ విప్పి చూపించలేదేం?" అన్నాను.

"నువ్వెప్పుడడిగినావురా? ఆ బాబు అడిగినాడు, ఇప్పినాను," అంది అమ్మమ్మ.

నేనూ చెయ్యి చాపాను.

"ఆగరా, ఆ బాబుని సూడనీ. నువ్వు దండమెట్టుకో."