నేను లేననుకున్న వెబ్‌సైటు

చదవటానికి వచ్చినవాణ్ణి మధ్యలో లేపి బయటికి గెంటే లైబ్రరీని నా జీవితంలో ఒక్కదాన్నే చూశాను. దానికి గోడల్లేవు, బీరువాల్లేవు. అది కంప్యూటర్‌లో ఉంది.

పాత తెలుగు పుస్తకాలకు పేజీ పేజీకీ ఫొటోలు తీసి ఒక వెబ్‌సైటులో పెట్టారు. ఎవరైనా వెతుక్కోవచ్చు, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు అన్నారు. జనానికి వదిలే ముందు మామూలు పాఠకుల చేత వాడించి చూద్దామని, దాన్ని తయారుచేసినవాళ్ళ తరఫున ఒక అమ్మాయి నరసరావుపేటలో మేము రోజూ పేపర్లు చదివే లైబ్రరీకి వచ్చింది. బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, ముందు ఎవరు కూర్చుంటారని అడిగింది. మా బావ లేచాడు.

బావంటే చుట్టం కాదు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇద్దరం ఒకే బెంచీ మీద ముసలివాళ్ళమయ్యాం. పదో తరగతి పాసైనవాడు. ఆ సంగతి నాకు గుర్తుచేయని వారం లేదు. నేను బడి గడప తొక్కలేదు. చిన్నతనంలో బస్టాండులో సోడాలు అమ్ముతూ బస్సుల బోర్డులు చూసి అక్షరాలు పట్టుకున్నాను. మాచర్ల, కారంపూడి, గురజాల, ఇవే నా మొదటి పాఠాలు. బస్సు కదిలిపోతే సగం మాట నోట్లోనే ఉండిపోయేది. అందుకే పుస్తకం చేతికొచ్చాక నేను ఎన్నడూ తొందరపడలేదు. ప్రతి పేజీ పెదవులు కదుపుతూ ఒకసారి, మనసులో ఇంకోసారి చదువుతాను. పుస్తకం ఎక్కడికీ కదిలిపోదు కదా.

బావ లాప్‌టాప్ ముందు కూర్చుని కనిపించినవన్నీ నొక్కాడు. "చానా బాగుందమ్మాయ్, ఫస్టుక్లాసు" అని సర్టిఫికెట్ ఇచ్చి లేచాడు. ఒక్క పుస్తకమూ తెరవలేదు.

నా వంతు వచ్చింది. "మీకు కావలసిన పుస్తకం వెతకండి తాతగారూ. మనసులో ఏమనిపిస్తే అది పైకి అనేయండి" అంది ఆ అమ్మాయి.

"అనమంటే అంటాను. తర్వాత బాధపడకూడదు."

"తిట్టినా పర్లేదు."

నాకు కావలసింది ఒక పాత డిటెక్టివ్ నవల. వయసులో ఉన్నప్పుడు ఇదే లైబ్రరీలో చదివాను. ఒక పెద్దింట్లో వడ్డాణం పోతుంది. దొంగ ఎవరో తేలే చోటికి వచ్చేసరికి చివరి కాగితాలు లేవు. ఏ దుర్మార్గుడో చింపుకుపోయాడు. వాడి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. దొంగ ఆ ఇంటి మేనమామ అని నేను, గుమాస్తా అని బావ. టీ కొట్టు దగ్గర మొదలైన ఆ తగవు మా ఇద్దరి జుట్టూ తెల్లబడేదాకా సాగింది. "బడికి పోనోడికి ఎప్పుడూ మేనమామలే కనపడతారు" అనేవాడు బావ. ఆ మాట తప్పని తేల్చకుండా కన్నుమూయటం నాకిష్టం లేదు.

ఎక్కడ నొక్కాలో తెలియక "ఇదేందమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి ఏదో రాసుకుంది. మళ్ళీ అడిగాను. "మీకు తోచినట్టు చేయండి" అంది. నాకు ఒళ్ళు మండింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

"మా వైపు దారి అడిగితే పగోడు కూడా మలుపు దాకా వచ్చి చూపిస్తాడు. నువ్వు పక్కన కూర్చుని చోద్యం చూస్తన్నావా?"

"నేను చెప్పేస్తే దారి బాగాలేదన్న సంగతి మాకెప్పటికీ తెలియదు తాతగారూ. మీరు ఎక్కడ ఆగిపోతారో చూడటానికే వచ్చాను."

సబబుగానే తోచింది. కూర్చున్నాను. పేరు టైపు చేసి, చెరిపి, మళ్ళీ టైపు చేసి, సైటును దాని వంశంతో సహా తిట్టి, చివరికి పుస్తకం పట్టుకున్నాను. తెలిసిన కథే కాబట్టి పేజీలు గబగబా తిప్పుకుంటూ, లైబ్రరీ కాపీలో చిరిగిపోయిన చోటు దాటాను. ఇక నేను ఎన్నడూ చూడని పేజీ. పెదవులు కదిపి ఒకసారి చదివాను. మనసులో రెండోసారి మొదలుపెట్టాను.

తెర తెల్లబడింది. 'మీ సమయం ముగిసింది' అని వచ్చింది.

"ఎవరి సమయం రా ముగిసింది?" అని అరిచాను.

"యముడు కూడా ఆన్‌లైన్‌లో వస్తన్నాడు బావా" అన్నాడు బావ.

మళ్ళీ మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ వచ్చాను. సరిగ్గా అక్కడే మళ్ళీ గెంటింది. ఇన్నేళ్ళకు మళ్ళీ కదిలిపోయే బస్సు బోర్డు ముందు నిలబడినట్టయింది నాకు. ఇంకోసారి వెళ్ళాను. ఈసారి ఆ అమ్మాయి తెర వంక కాక నా ముఖం వంక చూస్తూ కూర్చుంది.

"ఇంతసేపూ ఏం చేస్తున్నారు తాతగారూ?"

"ఏం చేస్తన్నానా? చదువుతున్నా!"

ఆ అమ్మాయి వెంటనే ఆఫీసుకు ఫోన్ చేసి, మాకు వినబడేట్టు స్పీకర్ పెట్టింది. అవతల ఒకాయన, చాలాసేపు కదలిక లేకపోతే ఎవరూ లేరనుకుని సైటు తనంతట తాను మూసుకుంటుందన్నాడు. వాళ్ళు చూసినప్పుడు ఎవరికీ ఒక పేజీ అంతసేపు పట్టలేదట.

"నేనున్నానయ్యా!" అన్నాను ఫోన్ దగ్గరికి వంగి. "కళ్ళు కదిలినయ్, పెదాలు కదిలినయ్. నేనున్నానని నీ మిషనుకు నమ్మకం కలగటానికి చదవటం మానేసి పేజీలు తిప్పాలా?"

"పోనీ మధ్యమధ్యలో 'ఉన్నారా?' అని అడిగేలా పెడతామండీ."

"పెట్టబాక. విస్తరి ముందు కూర్చున్నోణ్ణి ముద్దముద్దకీ తింటన్నావా అని అడుగుతారా?"

"మా వియ్యాలవారు అడిగారు బావా" అన్నాడు బావ.

"నువ్వాగు. అయ్యా, పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళుంటారు. చూపు తగ్గినవాళ్ళుంటారు. వాళ్ళంతా లేనట్టేనా నీ లెక్కలో?"

అవతల ఆయన పక్కనెవరినో ఏదో అడిగాడు. తర్వాత, "మార్చి చూస్తామండీ" అన్నాడు. ఆ అమ్మాయి నా మాటలన్నీ రాసుకుని వెళ్ళింది. "నీ నత్తనడక కోసం సైటు మారుస్తారా? కలలు కనబాక" అని బావ సాయంత్రం దాకా నవ్వాడు.

కొన్ని వారాలకు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. లాప్‌టాప్ తెరిచి, కూర్చోమంది. చిరిగిన చోటు దాటి, ఆ పేజీ రెండుసార్లు చదివాను. సైటు కదల్లేదు. నమ్మకం చాలక బయటికి పోయి టీ తాగి వచ్చాను. నా పేజీ నా కోసం అలాగే ఉంది. నా మాట విని ఒక మిషను తన పద్ధతి మార్చుకుంది! పండితులు చెబితే కాదు, బోర్డులు చూసి చదువుకున్నవాడు గొడవపడితే. ఆ పూట నా ఛాతీకి చొక్కా సరిపోలేదు.

తర్వాతి పేజీలు అంతే తీరిగ్గా చదువుకుంటూ పోయాను. ఒక పేజీ సగంలో ఆగి, 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కిందే నిలబడి కేకేశాను.

"మేనమామే!"

పేపరు వదిలేసి బావ పరుగున వచ్చాడు. "ఏదీ? నా కళ్ళతో చూస్తేగానీ నమ్మను. జరుగు."

"నువ్వు చూడబాక. కూర్చో, నేను చదివి వినిపిస్తా."

ముందు పేజీ నంబరు చదివాను. తర్వాత మొదటి వాక్యం. కామా దగ్గర ఆగి కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

"కానీయ్ బావా, చంపుతున్నావ్!"

"పదో తరగతి పాసైనోడివి, ఆ మాత్రం ఓపిక లేదా?" అన్నాను.

మేనమామ నేరం ఒప్పుకునే మాట ఇంకా సగం పేజీ కింద ఉంది. అంతకన్నా నిదానంగా నా జన్మలో నేను ఏదీ చదవలేదు.