లంద ముట్టని ఆదివారం

సహోదరులారా, అక్కలారా, ధాత, ఈశ్వర ఏండ్లలో వచ్చిన ఈ కరువులో తిండి లేక ఏడ్చినోళ్లు మీలో చానామంది ఉండారు, నేను మాత్రం తిండి ఉండీ ఏడ్చినదాన్ని, ఆ ఏడుపును దేవుడు ఎట్లా ఆలకించినాడో చెప్పాలనే ఈ పొద్దు సంఘం ముందర లేచి నిలబడినాను. నాకు మాటల పొందిక తెలియదు, నోరు కొంచెం దురుసు, ఓర్చుకొని వినండి.

మాది తోలు పని చేసే ఇల్లు, ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమ, బొగ్గేటి పక్కన. మా అత్త, మా ఆయన పెంచలయ్య, నేను, అప్పుడే పుట్టిన మా పాప, ఇంతే మేము. ఇంటి వెనకాల తోళ్లను సున్నపు నీళ్లలో నానబెట్టే గుంత ఉండాది, దాన్ని లంద అంటాము. మంచికాలంలో రైతులకు చెప్పులు, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావులకు తోలు బానలు కుట్టి ఇచ్చి గింజలు తెచ్చుకొనేవాళ్లం. కరువొచ్చె, బావులెండె, బానలు అడిగే నాథుడు లేడు, ఇంక మా పని అయిపోయిందనుకున్నాము. అయ్యో, జరిగింది వేరే! మర్రిపాడు మెరకల్లో, కలిగిరి బీళ్లల్లో గొడ్లు కుప్పలుకుప్పలుగా చచ్చినాయి, తోళ్లకు కొదవ లేదు, చెన్నపట్నానికి తోళ్లు పంపే సాయిబు ఆత్మకూరులో బండ్లు పెట్టుకొని ఎన్ని తెస్తే అన్ని కొన్నాడు. ఊరంతా సర్కారు గంజి కాడ వరస కడితే మా ఇంట్లో జొన్న సంగటి ఉడికింది.

మా ఆయన తాగుబోతు కాడు, చెడు తిరుగుళ్లు లేవు, ఒకరిని మోసం చేసినోడు కాడు, కానీ సహోదరులారా, పనే ఆయనకు సారాయి అయి కూర్చున్నాది! రేపు కరువు తీరితే ఇన్ని తోళ్లు ఎవుడిస్తాడు, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాల అనేవాడు. ఇంటి దీపమే కొడిగట్టిపోతా ఉంటే ఏంది నువ్వు చక్కబెట్టేది అని నేను పోట్లాడేదాన్ని, ఆయన చెవిన పడితే గదా!

లందకు నీళ్లు కావాల. ఆ నీళ్లు మోసింది నేను, బాలింతను! ఏటి ఇసకలో చెలమ తోడి, అడుగున ఊరిన నీళ్లు ముంతతో ఎత్తి కడవకు పోసి, ఆ కడవ నెత్తిన పెట్టుకొని పొద్దస్తమానం తిరిగినాను. పసిదాన్ని గుడ్డ ఉయ్యాలలో వేసి పోతే తిరిగొచ్చేసరికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉండేది. నేను మోసిన నీళ్లన్నీ లంద తాగింది, నా గొంతు తడుపుకొనే తీరిక నాకు లేకపోయె, సున్నానికి చేతులు పగిలె, రొమ్ములో పాలు ఇంకిపోయె. మేకపాలన్నా పట్టిద్దామంటే ఆ కరువులో మేకలేవి! ఐగుప్తులో వెట్టి చేయించినోడు ఫరో, మా ఇంట్లో చేయించింది లంద, అంతే తేడా. పళ్లెంలో సంగటి ఉండేది, అది నాకు మింగుడు పడేది కాదు.

మాలో ముందుగా ప్రభువును నమ్మింది మా అత్త. ఉదయగిరిలో బోధకుడి మాట విని బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఆదివారమైతే లంద దరిదాపులకు వచ్చేది కాదు. ఆదివారమని నీ దేవుడికి తెలుసు, తోలుకు తెలుసునా అని మా ఆయన ఎకసెక్కం చేసేవాడు. ఆమె మూలన కూర్చొని ప్రార్థన చేసుకొనేది.

అట్లా ఉండగా ఒక శనివారం పసిది రొమ్ము పట్టడం మానేసింది, సాయంత్రానికి ఏడుపు కూడా మానేసింది. తెల్లారితే ఆదివారం. సాయిబు బండికి అందించాలనే తొందరలో మా ఆయన సున్నం దండిగా కలిపి లంద నిండా తోళ్లు వేసి ఉన్నాడు, ఆ పొద్దే తీసి కడగకపోతే అన్నీ చివికిపోతాయి. పొద్దున్నే నన్ను కడవ ఎత్తుకోమన్నాడు. నేను కదల్లేదు. సరే, నీ ఇష్టం అని తానే లందలోకి దిగినాడు.

మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉండాది. ఇంట్లో ఎవురన్నా చస్తే చిన్నదినం దాకా, అంటే మూడు దినాలు, లంద ముట్టరు, అందులో ఎంత విలువైన తోలున్నా పోతే పోనీ అంటారు. జబ్బు చేస్తే మాత్రం ఎవురూ పని మానరు. ఆ పొద్దు మా అత్త, ఆదివారం అటు తొంగి చూడని మనిషి, బిడ్డను ఎత్తుకొని పోయి లంద గట్టు మీద కూర్చొని, కొడుకు వింటా ఉండగానే గొంతెత్తి ప్రార్థించింది:

"ప్రభువా, ఈ బిడ్డ చచ్చిపోతే నా కొడుకు మూడు దినాలు ఈ లంద ముట్టడు, అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. చచ్చినంక ఇచ్చే దినాలు ఈ పసిదానికి ఎందుకు తండ్రీ! వాటిల్లో ఒక్క దినం ఇప్పుడే, దీనికి ఊపిరి ఉండగానే ఇప్పించు నాయనా!"

మా ఆయన చేతిలో తోలు చేతిలోనే ఉండిపోయింది. అట్లానే నిలబడి ఆ బిడ్డ మొగం చూసినాడు. తర్వాత ఆ తోలు విడిచిపెట్టి గట్టెక్కి, బూడిద పెట్టి మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కొని, బిడ్డను ఇయ్యమని చేతులు చాపినాడు. పుట్టినప్పటి నుంచి ఎత్తుకొని కూర్చున్నోడు కాడు, ఎట్లా పట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద కొత్త బానలాగా నిలబెట్టుకున్నాడు, ఆ దుఃఖంలో కూడా నాకు నవ్వొచ్చింది! లందకని నింపిన కడవ నా ముందర పెట్టి, తాగి పండుకో అన్నాడు. నేను కడుపు నిండా తాగి, ఒళ్లు తెలియకుండా నిద్రపోయినాను. అత్త గంజితేటలో గుడ్డ ముంచి పసిదాని పెదాల మీద చుక్కచుక్కగా పిండతా, ప్రభువును పిలస్తా ఉండింది, ఆయన బిడ్డను దించకుండా కూర్చున్నాడు. దీపాల వేళకు నాకు మెలకువ వచ్చేసరికి రవిక తడిసి ఉండాది, పాలు! రొమ్ము అందించితే రెండు గుక్కలు తాగి, ఇంకా కావాలని కేరుమని ఏడ్చింది. ఆ ఏడుపు విని మేము ముగ్గురమూ ఏడ్చినాము. దేవునికే మహిమ!

ఆ తోళ్లు చెడిపోలేదని నేను అబద్ధం చెప్పను. మర్నాడు లాగితే పాతగుడ్డ మాదిరి చినిగినాయి, సాయిబు బండి మా వాకిట్లో నుంచి ఖాళీగా పోయింది, ఆ నష్టం నష్టమే, ఆ ఏడు మేమూ సగం కడుపుతో పండుకున్నాము. కానీ ఆ సగం కడుపు సంగటి నాకు మింగుడు పడింది అక్కలారా! వానలు పడి ఏట్లో నీళ్లు వచ్చినంక నేనూ ఆయనా బాప్తిస్మం పొందినాము. ఇప్పుడు ఆదివారం తీసి కడగాల్సి వచ్చేటట్టు ఆయన లందలో తోలు వేయడు. ఎన్ని తోళ్లు తీసుకోవాలనేది నన్ను అడిగి తీసుకుంటాడు. పాలిచ్చే తల్లి నెత్తిన లంద నీళ్ల కడవ పెట్టకూడదనేది మా ఇంటి కట్టడి.

పోయిన నెల మా అత్త ప్రభువు సన్నిధికి పోయింది. మూడు దినాలు లంద ముట్టలేదు. చిన్నదినం నాడు మా ఆయన ఆ గట్టు మీదనే కూర్చొని నాతో అన్నాడు, మా అమ్మకు ఈ దినాలు అక్కర్లేదే, ఆమెకు ఇయ్యాల్సినవి ఆదివారం ఆదివారం ఆమె పక్కన కూర్చొని ఇచ్చేసినాను అని. ఆ మాట అని పసిబిడ్డ మాదిరి ఏడ్చినాడు.

మీలో మగ్గం ఉన్నోళ్లు, గానుగ ఉన్నోళ్లు, అంగడి పెట్టుకున్నోళ్లు ఉండారు. పని మానుకోండి అని నేను చెప్పను, పని లేకుంటే కూడెక్కడిది! కానీ మీ ఇంట్లో ఎవురో ఒకరు ఆ మూడు దినాల కోసం కాచుకొని ఉంటారు, వాళ్లు చచ్చేదాకా దాచిపెట్టబాకండి, ప్రభువు మీద భారం వేసి ఇప్పుడే ఇయ్యండి, ఆయన మిమ్మల్ని విడవడు. అదిగో, మా పాప వాళ్ల నాయన ఒళ్లో కూర్చొని మీసం పట్టుకొని లాగతా ఉండాది చూడండి, ఆయన కిక్కురుమనకుండా ఓర్చుకుంటా ఉండాడు. దేవునికే మహిమ!